మూడు చుక్కల ఇంజన్

ఆ శనివారం ఉదయం ఉమాకాంత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పాత ఇంజన్లు బాగుచేసే వెర్నన్ షెడ్డుకి వెళ్ళాలి. పదకొండుకల్లా ఆ మనిషి పనికిరాడని తేల్చుకోవాలి. పన్నెండుకి ఇంటికొచ్చి పప్పుచారు అన్నం తిని, మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని క్రేట్ ఇంజన్‌కి ఆర్డర్ పెట్టెయ్యాలి. చూడకుండానే కాదనడం న్యాయం కాదు గనక, చూసి కాదందామని బయల్దేరుతున్నాడు.

ట్రాయ్‌లో కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఉమాకాంత్ పదహారేళ్ళుగా సప్లయర్ క్వాలిటీ ఇంజనీరు. అంటే ఎవరు ఏ బోల్టు పంపినా అందులో లోపం ఉందని అనుమానించడమే అతని ఉద్యోగం. అలవాటు ఆఫీసులో వదిలేసి రావడం అతనికి చేతకాలేదు. పాల డబ్బా మీద తారీఖు రెండుసార్లు చూస్తాడు. చుట్టాల శుభలేఖ వస్తే ముహూర్తాన్ని పంచాంగంతో సరిచూస్తాడు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తడు, వాయిస్ మెయిల్ వదిలితే వినడు. అన్నీ మోసాలేనని అతని సిద్ధాంతం.

అలాంటివాడు ప్రపంచంలో నమ్మిన మనిషి ఒక్కతే ఉంది. పక్కింటి ఎలినార్. ఎనభై రెండేళ్ళావిడ. ఉమాకాంత్ వాళ్ళు ఈ ఇంట్లోకి దిగిన రోజున ఆపిల్ పై పట్టుకొచ్చింది, వాళ్ళ పాపకి సైకిల్ నేర్పింది. ఆవిడ భర్త ఫ్రాంక్ పోయి మూడేళ్ళయింది. ఆయన వదిలి వెళ్ళినవాటిలో ముఖ్యమైనవి రెండు. పెరట్లో కుక్క లేని ఒక కుక్కగూడు, గరాజ్‌లో డెబ్భై రెండు నాటి నీలం కారు. గూడు చెక్కల మీద చెరిగిపోయిన అక్షరాలు ఉమాకాంత్ వంటింటి కిటికీలోంచి రోజూ కనిపిస్తాయి. కారు మాత్రం ఇప్పుడు ఉమాకాంత్ గరాజ్‌లో ఉంది. పోయిన శీతాకాలం ఆవిడే పిలిచి అమ్మింది, ఒక షరతు మీద.

"ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్లన్నీ వరసకట్టే రోజున నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఒక్కసారి తిప్పు. ఫ్రాంక్ నడుపుతుంటే వినిపించే ఆ చప్పుడు మళ్ళీ వినాలి. ఆ నెలాఖరుకి నేను అరిజోనాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. ఇంక తిరిగి రాను."

ఉమాకాంత్ మాటిచ్చాడు. ఏప్రిల్లో కారు బయటికి తీస్తే, వీధి చివరికి వెళ్ళేలోపే ఇంజన్ దడదడా కొట్టుకుని, తెల్లటి పొగ వదిలి, ప్రాణం విడిచింది.

ఇప్పుడు దారులు రెండు. ఒకటి, కంపెనీలో తయారై చెక్కపెట్టెలో దిగే కొత్త ఇంజన్. దాన్నే క్రేట్ ఇంజన్ అంటారు. పెట్టెతోపాటు టెస్ట్ రిపోర్టు, వారంటీ కాగితం వస్తాయి. రెండోది, పాత ఇంజన్ బ్లాక్‌నే, అంటే సిలిండర్లుండే ఆ ఇనప దిమ్మనే, వెర్నన్‌కి ఇచ్చి మళ్ళీ కట్టించుకోవడం. కారుతో పుట్టిన ఇంజన్ నిలుస్తుంది, బహుశా ఆ చప్పుడూ నిలుస్తుంది, కానీ కాగితం ఉండదు. ఉమాకాంత్ మనసు వెర్నన్ వైపు, చెయ్యి కాగితం వైపు లాగుతున్నాయి.

"పెట్టెలో వచ్చిన ఇంజన్‌కి అమ్మా అబ్బా ఎవరండీ అల్లుడుగారూ?" అన్నాడు మామగారు దత్తాత్రేయ, ఇడ్లీ తుంచుతూ. ఆయన గుడివాడ ఆర్టీసీ డిపోలో హెడ్ మెకానిక్‌గా రిటైరై, కూతురి దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చాడు. "ఎవడు బిగించాడో, బిగించే పూట పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో, మనకెట్టా తెలుస్తుందండీ?"

"అందుకే సర్టిఫికెట్ ఇస్తారు మావయ్యగారూ. ఇంజన్ నడిపి, హాట్ టెస్ట్ చేసి పంపిస్తారు."

"కాగితం బండిని లాగుద్దా?"

"ఏ ఇంజనైనా నాకు అభ్యంతరం లేదు" అంది ఉమాకాంత్ భార్య నీహారిక కాఫీ కప్పులు పెడుతూ. "కానీ ఒక్కటే ఇంజన్ ఉమా. ఒక్కటంటే ఒక్కటి. పోయినసారి వాషింగ్ మెషీన్‌కి బ్యాకప్ అని ఇంకోటి కొన్నావ్. స్నో పడే లోపల నా కారుకి గరాజ్‌లో చోటు కావాలి."

వెర్నన్ షెడ్డు ట్రాయ్‌కి పావుగంట దూరం. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక్కడే పనిచేస్తాడు. ఉమాకాంత్ ఆఫీసులో వాడే నలభై రెండు ప్రశ్నల ఫారం తీసి ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టాడు.

"బోల్టులు బిగించే మీ టార్క్ రెంచ్ చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేయించారు?"

"నిన్న."

"ఎవరు చేశారు?"

"నేనే."

"సర్టిఫికెట్?"

వెర్నన్ తన కుడిచెయ్యి చూపించాడు. ఉమాకాంత్ 'ఆధారం లేదు' అని రాసుకున్నాడు. పదిహేడో ప్రశ్న ట్రైనింగ్ రికార్డుల గురించి. "మా నాన్న నేర్పాడు" అన్నాడు వెర్నన్. "ఆయన సంతకం కావాలంటే సమాధుల తోటకి వెళ్ళాలి."

ఈలోగా, వెంట వచ్చిన దత్తాత్రేయ షెడ్డంతా కలయతిరిగి, సగం కట్టిన ఒక ఇంజన్ దగ్గర ఆగాడు. సిలిండర్ లోపల వేలు పెట్టి గుండ్రంగా తిప్పి, ఆ వేలిని వెలుతురులో చూసుకుని, వాసన కూడా చూశాడు. వెర్నన్ ముప్ఫై ఒకటో ప్రశ్నకి జవాబు చెబుతున్నవాడల్లా ఆగిపోయి, వెళ్ళి ఆయన చేతికి టార్చిలైటు ఇచ్చాడు. ఇద్దరూ ఒకే రంధ్రంలోకి తొంగిచూస్తూ చాలాసేపు నిలబడ్డారు. వాళ్ళ మధ్య భాష పెద్దగా లేదు, అవసరం పడినట్టూ లేదు.

"ఇచ్చెయ్యండి అల్లుడుగారూ" అన్నాడు దత్తాత్రేయ తిరిగొస్తూ. "ఈయన పనోడు."

ఉమాకాంత్ ఒప్పుకున్నాడు గానీ నమ్మి కాదు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. బ్లాక్ మార్చేస్తే? కారుతో పుట్టిన అసలు సరుకుకి గిరాకీ ఉంటుంది. అందుకని బ్లాక్‌ని షెడ్డుకి పంపే ముందు, ఆ వచ్చే శుక్రవారం సాయంత్రం గరాజ్ తలుపు దించుకుని, బ్లాక్‌కి అన్ని వైపుల నుంచి అరవై నాలుగు ఫోటోలు తీశాడు. ఆపైన కింది అంచు మీద, ఎవరికీ కనపడని చోట, ఆకుపచ్చ పెయింట్ చుక్క ఒకటి పెట్టాడు. ఆఫీసులో సరుకు తనిఖీ చేశాక పెట్టే చుక్క అది. మామగారికి చెప్పలేదు. చెబితే పెద్దాయన వెర్నన్‌కి చెప్పేస్తాడేమోనని అనుమానం.

మర్నాడు శనివారం పొద్దున అల్లుడు స్నానానికి వెళ్ళగానే దత్తాత్రేయ అదే గరాజ్‌లోకి వెళ్ళాడు. ఆయనకి వెర్నన్ మీద గౌరవమే. అయితే గుడివాడ డిపోలో ఆయన నేర్చుకున్న మొదటి పాఠం ఏమిటంటే, బయటి వర్క్‌షాపుకి బోరింగ్‌కి పంపే ఇంజన్ మన గుర్తు లేకుండా గేటు దాటకూడదు. మంచి బ్లాక్ పంపిస్తే పగుళ్ళున్న బ్లాక్ తిరిగొచ్చిన ఉదంతాలు ఆయన కళ్ళారా చూశాడు. గౌరవం వేరు, గుర్తు వేరు. సెంటర్ పంచ్ మొన ఆనించి, సుత్తితో బ్లాక్ వెనక టక్ టక్ టక్‌మని మూడు చుక్కలు కొట్టాడు. అల్లుడికి చెప్పలేదు. ఆ బ్లాక్‌ని అతను దేవుడి పటంలా తుడుచుకుంటున్నాడు మరి.

బ్లాక్‌ని షెడ్డుకి చేర్చింది ఫణి. ఉమాకాంత్ స్నేహితుడు, ఇండియన్ కిరాణా షాపు నడుపుతాడు, వ్యానుంది, గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్ ఉంది. దించి వస్తుండగా ఉమాకాంత్ అతన్ని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"ఫణీ, ఒక హెల్ప్ చెయ్యాలి. నీ గోడౌన్ అడ్రస్‌కి ఒక పెద్ద పెట్టె వస్తుంది. ఇళ్ళ దగ్గర ఫ్రైట్ వాళ్ళు దించరంట, ఫోర్క్‌లిఫ్ట్ ఉండాలంట. సైన్ చేసి ఒక మూల పెట్టు. నీహారికకి, మావయ్యగారికి తెలియకూడదు."

"ఏముంటదన్నా దాంట్ల?"

"ఇంజన్."

"ఇప్పుడే గదా ఇంజన్ ఇచ్చొచ్చినం!"

"అది సింగిల్ సోర్స్. ఒక్క సప్లయర్ని నమ్ముకుని ఎవడూ బాగుపడలేదు."

ఆ రకంగా ఉమాకాంత్ రెండు దారుల్లోనూ ఒకేసారి నడవడం మొదలుపెట్టాడు. జూన్ మొదటి వారంలో పెట్టె చేరిందనీ, ఫణి సంతకం పెట్టాడనీ కంప్యూటర్లో చూసుకుని నిశ్చింతగా నిద్రపోయాడు. ఆ వారమే ఫణి గోడౌన్‌కి మామిడిపళ్ళ లోడు దిగింది. ఉమాకాంత్ ఫోన్‌కి ఏదో తెలియని నంబరు నుంచి మూడు కాల్స్, ఒక వాయిస్ మెయిల్ వచ్చాయి. వినకుండానే చెరిపేశాడు.

జూలైలో ఉమాకాంత్‌కి వెర్నన్ షెడ్డు వైపు ఒక సప్లయర్ ఆడిట్ పడింది. తిరిగొస్తూ అటువైపు కారు పోనిచ్చి, రోడ్డుకి ఇవతల ఆపి చూశాడు. షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల ఒక మూల, నీలం పట్టా కప్పి, ఒక చెక్కపెట్టె. పట్టా కింద నుంచి పెట్టె అంచు కనబడుతోంది. అలాంటి పెట్టెలు ఉమాకాంత్‌కి కొత్త కాదు. అది క్రేట్ ఇంజన్ పెట్టె.

చేత్తో కడతానని చెప్పుకునే మనిషికి పెట్టె ఇంజన్‌తో పనేమిటి? తెప్పించి, పెట్టె విప్పి, కాస్త మసి పూసి, నేనే కట్టానని అంటగడతాడన్నమాట! మరి అసలు బ్లాక్ ఎక్కడికి పోయినట్టు?

ఆ రోజు నుంచి లంచ్ అవర్‌లో ఉమాకాంత్ పెరుగన్నం డబ్బా పట్టుకుని రోడ్డుకి ఇవతల కాపలా కాశాడు. పక్షుల్ని చూడటానికని పాపకి కొన్న బైనాక్యులర్స్ ఇప్పుడు పనికొచ్చాయి. మొదటిరోజు పట్టా మడత కుడివైపుంది. రెండోరోజు ఎడమవైపుంది. మూడోరోజు వెర్నన్ బయటికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, సూటిగా అతని కారు వైపే చూశాడు. ఉమాకాంత్ సీట్లోకి జారి, పెరుగన్నం చొక్కా మీద పోసుకున్నాడు.

ఆ గురువారం వెర్నన్ నుంచి మెసేజ్ వచ్చింది. 'ఇంజన్ అయింది. శనివారం పదింటికి రా. కొన్ని విషయాలు మాట్లాడుకోవాలి.'

'కొన్ని విషయాలు' అన్నాడంటే దొంగ భుజాలు తడుముకుంటున్నట్టేనని ఉమాకాంత్‌కి రూఢి అయిపోయింది. సాక్షిగా ఉంటాడని ఫణిని వెంటబెట్టుకున్నాడు. దత్తాత్రేయ పిలవకుండానే కారెక్కాడు. ఆయన ముందు పెట్టె ఊసు రాకూడదని, దారి పొడుగునా ఉమాకాంత్ కారులో పాటలు గట్టిగా పెట్టాడు.

షెడ్డులో స్టాండు మీద ఇంజన్ కొత్తపెళ్ళికూతురిలా మెరుస్తోంది. ఉమాకాంత్ పలకరింపులు కూడా లేకుండా టార్చి తీసుకుని కిందికి వంగాడు. ఆకుపచ్చ చుక్క లేదు. వెనక్కి వెళ్ళాడు. అక్కడ ఫోటోల్లో లేనివి మూడు చుక్కలున్నాయి.

"ఇది మా బ్లాక్ కాదు" అన్నాడు లేస్తూ.

"నీదే" అన్నాడు వెర్నన్.

"మా దాని మీద గ్రీన్ మార్క్ ఉండాలి."

"పెయింటా? ఇంజన్‌ని వేడి మందునీళ్ళలో కడుగుతాం. కడగకుండా కట్టేవాడు కావాలంటే ఇంకోచోటికి వెళ్ళాల్సింది."

ఆ సంగతి తెలియక కాదు. గత మూడు నెలలుగా తనకి గుర్తు రానందుకే ఉమాకాంత్‌కి మరింత కోపమొచ్చింది. "సరే, ఈ మూడు చుక్కలేమిటి? నా దగ్గర అరవై నాలుగు ఫోటోలున్నాయి. ఒక్కదాంట్లో కూడా ఇవి లేవు!"

"వచ్చినప్పుడే ఉన్నాయి. ఏ దొంగల ముఠా గుర్తు అని నేనే నిన్ను అడుగుదామనుకున్నాను."

దత్తాత్రేయ తేలు కుట్టిన దొంగలా మౌనంగా నిలబడ్డాడు. ఆ మూడు చుక్కల్నీ ఆయన ఎప్పుడో చూసుకున్నాడు. తన చేతి దెబ్బలు తనకి తెలియకపోవు. ఇది మన బ్లాకేనని ఒక్క మాట అంటే గొడవ తీరిపోతుంది. కానీ అంటే అల్లుడి దేవుడి పటానికి మేకులు కొట్టింది తనేనని తేలిపోతుంది.

"అయితే ఆ పట్టా కింద ఏముంది?" ఉమాకాంత్ తన బ్రహ్మాస్త్రం వదిలాడు. "క్రేట్ ఇంజన్! దాన్ని తెచ్చి నీదని అమ్ముతున్నావు!"

వెర్నన్ మొహం ఎర్రబడింది. ఒక్క అంగలో వెళ్ళి పట్టా లాగిపారేశాడు. "నువ్వే చెప్పు. నేను కూడా అదే తెలుసుకుందామని పిలిచాను!"

ఉమాకాంత్ నోరు తెరిచేలోపే ఫణి ముందుకొచ్చాడు.

"అరె అన్నా! ఇది నీ పెట్టెనే గదా! మ్యాంగోస్ లోడ్ దిగింది, గోడౌన్ల ప్లేస్ లేకుండె. ఇంజన్ అని రాసుంది గదా అని ఈడ దించిపోయిన. గోడౌన్ ఫోన్ నుంచి మూడుసార్లు కాల్ చేసిన. వాయిస్ మెయిల్ గూడ పెట్టిన. వినలేదా?"

వెర్నన్ చక్రాల బండి మీదున్న పెట్టెని గోడ వైపు నుంచి ఇటు తిప్పాడు. పెద్ద అక్షరాలతో లేబుల్ మీద ఉమాకాంత్ పేరుంది. ఇంటిపేరుతో సహా, స్పెల్లింగ్ తప్పులేకుండా ఉంది.

దత్తాత్రేయ లేబుల్ వైపు చూసి, అల్లుడి వైపు చూశాడు. అంతదాకా ఆయన్ని పీడిస్తున్న పాపభారం కాస్త తేలికైనట్టుంది. గొంతు సవరించుకుని, ఆర్టీసీ ఇంగ్లీషులో ఒప్పేసుకున్నాడు. "సార్. త్రీ డాట్స్, మై డాట్స్. గుడివాడ డిపో సిస్టమ్. బ్లాక్ సేమ్ బ్లాక్."

వెర్నన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత టార్చి తీసుకుని ఇంజన్ లోపలి అంచు ఒకటి చూపించాడు. అక్కడ సూదితో గీసినట్టు సన్నటి వి అక్షరం ఉంది.

"ముప్ఫై ఏళ్ళుగా గీస్తున్నాను" అన్నాడు. "ఎవడో కట్టినది పగలగొట్టుకుని, నువ్వే కట్టావని నా మీద పడేవాళ్ళున్నారు." అని దత్తాత్రేయ చెయ్యి పట్టుకుని ఊపాడు. తర్వాత ఉమాకాంత్ వైపు తిరిగాడు. "ఈయన అనుమానం నాకు అర్థమైంది. నీది అర్థం కాలేదు. నా ఇంజన్ అయ్యేలోపే నా షెడ్డులోనే ఇంకో ఇంజన్ దించావు. రోజూ మధ్యాహ్నం కారులో కూర్చుని గూఢచర్యం చేశావు. రెండూ పట్టుకుపో. నేను బిగించను."

ఆగస్టు ఊరేగింపు మూడు వారాల్లో ఉంది. ఇంత తక్కువ వ్యవధిలో కారుకి ఇంజన్ బిగించేవాడు ఊళ్ళో ఇంకెవడూ దొరకడు. ఉమాకాంత్‌కి నిజంగా భయమేసింది. సూట్‌కేసులు సర్దుకుంటున్న ఎలినార్ కళ్ళ ముందు మెదిలింది. పదహారేళ్ళ ఉద్యోగంలో ఏ సప్లయర్‌కీ చెప్పని మాట అతని నోట్లోంచి వచ్చింది. "తప్పు నాది. నన్ను క్షమించండి." ఆ వెనకే ఎలినార్ సంగతంతా చెప్పాడు. ఫ్రాంక్, నీలం కారు, ఆ చప్పుడు, అరిజోనా, తనిచ్చిన మాట. "కారుతో పుట్టిన ఇంజన్ కదా, ఆ చప్పుడు దీంట్లోనే వస్తుంది. ఆవిడకి ఇదొక్కటే అవకాశం."

వెర్నన్ అంతా విన్నాడు. ఇంజన్ వైపు చూశాడు. ఏదో చెప్పబోయి, ఉమాకాంత్ చంకలో ఉన్న ఫారం మీద కళ్ళు పడగానే నోరు మూసుకున్నాడు.

"పెట్టె వెనక్కి పంపెయ్" అన్నాడు చివరికి. "ఈ పెద్దాయన్ని రోజూ నాకు తోడు పంపించు. నువ్వు వచ్చినా ఆ స్టూలు మీద కూర్చో. ఒక్క ప్రశ్న అడిగావంటే ఇంజన్ బయటికి తీసేస్తాను."

ఆ మూడు వారాలు ఉమాకాంత్‌కి గడ్డుకాలమే. క్రేట్ ఇంజన్ సంగతి ఇంట్లో తెలిసి, నీహారిక రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది, అంతకంటే మాట్లాడకపోవడమే నయమనిపించింది. షెడ్డులో స్టూలు మీద కూర్చుని, కాలిబ్రేషన్ ఊసే లేకుండా మామగారు నవ్వుకుంటూ బోల్టులు బిగిస్తుంటే, నాలుక చివరికొచ్చిన ప్రశ్నలన్నీ మింగాడు.

ఊరేగింపు రోజు ఎండ కాసింది. ఎలినార్ ఎర్ర లిప్‌స్టిక్ వేసుకుని, తలకి స్కార్ఫ్ కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వెనక సీట్లో నీహారిక, దత్తాత్రేయ. ఉమాకాంత్ తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్కసారి గర్జించి, లోతైన గుడగుడలోకి దిగింది. వుడ్‌వర్డ్ ఎక్కి కాస్త వేగం అందుకోగానే ఎలినార్ డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. చెంపల మీదికి నీళ్ళు జారాయి, తుడుచుకోలేదు.

"ఇదే" అంది. "అచ్చం ఇదే."

ఉమాకాంత్ మూడు నెలల అవస్థా మర్చిపోయాడు. "రాకుండా ఎలా ఉంటుంది? కారుతో పుట్టిన ఇంజన్ కదా!" అన్నాడు గర్వంగా.

ఎలినార్ కళ్ళు తెరిచింది. "కారుతో పుట్టిందా? అది తొంభై ఒకటిలోనే పగిలిపోయింది కన్నా. ఫ్రాంక్ ఇంకోటి తెప్పించాడు. ఇంత పెద్ద చెక్కపెట్టెలో వచ్చింది. ఆ చెక్కలతోనేగా మా పెరట్లో కుక్కగూడు కట్టాడు."

పెట్టె ఇంజన్‌కి అమ్మా అబ్బా ఎవరని అడిగిన మనిషి వెనక సీట్లో సర్దుకుని కూర్చున్నాడు.

"అయితే అల్లుడుగారూ, ఆ మూడు చుక్కల గురించి ఇంక మీరు బాధపడక్కర్లేదన్నమాట" అన్నాడు.

రోడ్డు పక్కన మడతకుర్చీ వేసుకుని వెర్నన్ కనిపించాడు. ఉమాకాంత్ కారు ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "ఇది క్రేట్ ఇంజన్ అని నీకు తెలుసా?"

"బ్లాక్ దిగిన రోజే. దాని మీద నంబరు చూస్తే తెలుస్తుంది" అన్నాడు వెర్నన్. "నలభై రెండు ప్రశ్నలు అడిగావు. అది అడగలేదు. తర్వాతేమో నీకు అడిగే హక్కు లేదు."

సోమవారం ఆఫీసులో ఉమాకాంత్ తన ఫారంలో 'ఇది అసలు సరుకేనా' అని నలభై మూడో ప్రశ్న చేర్చి, 'ఎవరిని అడగాలి' అన్న గడిలో 'ముందు పక్కింటివాళ్ళని' అని రాసుకున్నాడు.